నా మొకం జూడకు, ఆకు జూడు

దవాఖానాలో నాకు కౌన్సెలింగ్ ఇచ్చిన మేడం చనిపోయారని మంగళవారం పొద్దున అక్కడి నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆ గురువారం మా నాయినను ఆమె దగ్గరికి తీసుకెళ్ళాలనుకున్నాను. ఆర్నెల్లుగా ‘వచ్చే గురువారం’ అంటూనే ఉన్నాను. నా బద్ధకాన్ని చెప్పుతో కొట్టాలి.

మా బొగ్గుబాయి కుటుంబాల్లో తండ్రి ‘అన్‌ఫిట్’ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. నాకోసం నాయిన అలాగే అన్‌ఫిట్ రాయించుకుని ఇంట్లో కూర్చున్నాడు. చుట్టాలు నా అదృష్టానికి కుళ్ళుకున్నారు. నేనేమో మూడు రోజులు బాయిలోకి దిగాను. తలకు తగిలేంత కిందికి కప్పు, ముందు చీకటి, వెనక చీకటి. నాలుగో రోజు కాళ్ళు కదల్లేదు. ఇంట్లో చెప్పే మొహం లేక, టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకని బయల్దేరి, షిఫ్టు అయ్యేదాకా కొత్తగూడెం బస్టాండులో కూర్చునేవాణ్ణి. ఇరవై రోజులు అంతే. ఇంకొన్నాళ్ళు పోతే ఉద్యోగం ఊడుతుంది, నాయిన త్యాగం బూడిదలో పోసినట్టవుతుంది. బాయిలో ఆడని ఊపిరి బస్టాండులోనూ ఆడలేదు.

గుండెల్లో నొప్పని దవాఖానాకు వెళ్తే, డాక్టరు చూసి ఏమీ లేదని చివరి గదికి పంపాడు. అక్కడ ఆమె ఉంది. రిటైరైన టీచరమ్మ. గురువారం గురువారం చండ్రుగొండ నుంచి బస్సులో వచ్చేది, చంకలో అడ్డాకుల కట్టతో. వచ్చినవాళ్ళ ముందు ఆకులు, పుల్లలు పెట్టేది.

“నాకేం పిచ్చి లేదు మేడం” అన్నాను.

“ఉన్నదని ఎవలన్నరు బిడ్డా? విస్తరి కుట్టుకుంట మాట్లాడుదాం. నా మొకం జూడకు, ఆకు జూడు.”

చిత్రంగా, ఆకును చూస్తూ అన్నీ చెప్పేశాను. నా విస్తరిని ఎత్తి చూసి ఆమె పకపకా నవ్వింది. “దీంట్ల పప్పుచారు బోస్తే ఒళ్ళె పడ్తది!”

రెండో గురువారం నాకు కోపమొచ్చింది. “ఆకులు చాలు మేడం! నన్నేం జెయ్యమంటరో చెప్పుండ్రి!”

“నేను జెప్ప. చెప్తే నిన్ను ఇంకో బాయిల దింపినట్టే. గిన్ని రోజులు బస్టాండుల ఊకెనే కూసున్నవా?”

ఊరికే ఎక్కడ కూర్చున్నాను? అడవి ఊళ్ళ ముసలివాళ్ళకు బోర్డులు చదవడం రాదు. వాళ్ళను సరైన బస్సు ఎక్కించేవాణ్ణి. ఒక ముసలమ్మ వెంట దవాఖానాకు వచ్చి, మందులిచ్చేదాకా లైనులో నిలబడ్డాను. అదంతా చెప్పాను.

“ఎవలు జెయ్యమన్నరు?”

“ఎవలు లేరు.”

“మరి గది నీ బలం గాదా? ఆ ముసలమ్మను తప్పు బస్సు ఎక్కిస్తవా?”

“ఛీ! ఎట్ల ఎక్కిస్త మేడం?”

“మరి డ్యూటీకని జెప్పి మీ నాయినను ఎక్కిస్తలేవా?”

పుల్ల వేలికి గుచ్చుకుంది. ఆమె దూది అందించింది.

ఆ సాయంత్రం నాయినకు నిజం, మేడం సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన ఉలకలేదు. “నాకెర్కేరా. బాయి దిగొచ్చినోని కండ్లకు ఎన్నిసార్లు సబ్బు రుద్దినా బొగ్గు కాటుక పోదు. నీ కండ్లు తెల్లగనే ఉన్నయ్.” “ఆ మేడం దగ్గరికి నన్ను గూడ తీస్కపో” అన్నాడు. ఎగతాళి అనుకున్నాను.

తర్వాత, ఆమె ఇచ్చిన ధైర్యంతో ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పుకుని, పైన ల్యాంపుల గదిలో పని సంపాదించాను. బాయిలోకి దిగేవాళ్ళకు నేనే దీపాలు అందిస్తాను. కొత్తవాళ్ళెవరైనా దీపం తీసుకుని అక్కడే నిలబడిపోతే నాకు ఇట్టే తెలుస్తుంది, ఒక మాట మాట్లాడి పంపుతాను. ఈ బతుకు ఆమె పెట్టిందే. నాయిన మాత్రం మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. నేను సెలవు లేదనీ, వాన అనీ వాయిదాలు వేశాను.

అంత్యక్రియలయ్యాక ఆమె కూతురు, తల్లి సంచిలో మిగిలిన సగం అడ్డాకుల కట్ట నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి నాయిన మంచం మీద ఆకులు పరిచాను.

“నా మొకం జూడకు నాయినా, ఆకు జూడు.”

తిడతాడనుకున్నాను. పుల్ల తీసుకున్నాడు. మూడు ఆకులు కుట్టాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

“ముప్పై ఏండ్లు దిగిన. దిగిన ప్రతిసారీ భయమేరా నాకు. తెల్సి తెల్సి గా బాయిలకే నిన్ను తోసిన.”

నేను ఆయన మొహం చూడలేదు. విస్తరి నడుమ ఇంకా ఖాళీ ఉంది. ఇంకో ఆకు తీసి అందించాను.