పద్నాలుగో లైను

మా సార్ పోయారన్న కబురు నాకు కోవిల్‌పట్టి బస్టాండులో, విరుదునగర్ బస్సు మెట్టు మీద ఒక కాలు ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది డిపార్ట్‌మెంటు క్లర్కు. "పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఒరిగిపోయారట," అన్నాడు తమిళంలో. వెనక నుంచి ఎవరో ఎక్కమని తోస్తున్నారు. ఎక్కి కూర్చున్నాను. సాత్తూరు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చింది భయం ఒక్కటే. ఆ భయం ఎందుకో చెప్పకుండా సార్ గురించి మంచి మాటలు రాయడం నాకు చేతకావడం లేదు. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. ఆయన పోవడానికి ముందు రోజు సాయంత్రం నేను ఆయనకు ఒక అబద్ధం చెప్పాను.

ఎమ్మెస్సీలో ఆయన మాకు విద్యుదయస్కాంతత్వం చెప్పారు, తర్వాత క్వాంటం క్షేత్ర సిద్ధాంతం చెప్పారు. ఆ తర్వాత నాలుగేళ్ళు నా పరిశోధనకు గైడు. మొదటి రోజు క్లాసులో ఆయన చేతిలోంచి సుద్దముక్క రెండుసార్లు జారిపడింది. మేము నవ్వుకున్నాం. ఆయన వంగి తీసుకుని, బోర్డు మీద నాలుగు సమీకరణాలు రాసి, మా వైపు తిరిగి చెప్పారు: "ముప్పై ఏళ్ళుగా ఇవే చెప్తున్నాను. ఇవాళ కూడా మెట్లెక్కుతుంటే కడుపులో తిప్పింది. మీకు తిప్పకపోతే మీకు ఇవి అర్థం కాలేదని." తర్వాత ఎవరమూ నవ్వలేదు.

క్లాసులో ఆయనది ఇంగ్లీషు, తమిళం. నాతో తెలుగు మొదలైంది ఒక పరీక్ష రోజున. నేను లెక్కలో అక్షరాల పైనా కిందా వేసే చిన్న సూచికలు కలుపుకుంటూ నోట్లో "ఒగటి, రెండు, మూడు" అనుకుంటున్నాను. ఆయన నా బెంచి దగ్గర ఆగిపోయారు. పరీక్షయ్యాక వరండాలో పిలిచి, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, "మీది ఏ వూరుమ్మా?" అన్నారు. ఆయనది విళాత్తికుళం పక్కన మిరప పండే నల్లరేగడి పల్లె. మా అమ్మ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తుంది. తమిళనాడులోని మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తెలుగు నోటిదే, చదువుది కాదు. నేను తిరుపతిలో ఒక ప్రాజెక్టు కోసం ఏడాది ఉన్నప్పుడు ఈ అక్షరాలు పట్టుబట్టి నేర్చుకున్నాను. సార్‌కు రావు. ఇది ఆయన చదవలేరన్న ధైర్యంతోనే రాస్తున్నానేమో కూడా.

ఆయనంత భయస్తుణ్ణి నేను చూడలేదు. మా ల్యాబ్ తలుపు పక్కన గోడకు ఒక రాగి పలక బిగించి, దాని నుంచి భూమిలోకి తీగ దింపించారు. దాన్ని అరచేత్తో తాకకుండా లోపలికి ఎవరూ అడుగుపెట్టకూడదు. లోపల ఉన్నది రెండు పాత ఆసిలోస్కోపులు, నాలుగు తీగచుట్టలు. అవి పేలేవి కావు. అయినా తాకాల్సిందే. కొత్తగా చేరినవాళ్ళు వెటకారం చేసేవాళ్ళు. ఆయన తల్లి టపాకాయల షెడ్డులో మందు కూరేదనీ, అక్కడ గుమ్మంలో ఇలాంటి పలకే ఉండేదనీ, ఒంటి మీది విద్యుత్తు భూమిలోకి పోనిచ్చాకే లోపలికి వెళ్ళేవాళ్ళనీ నాకు ఒక్కదానికే చెప్పారు. "ఒగ దినం ఎవరో తాకలేదు," అన్నారు. అంతే. ఆ తర్వాత ఏమైందో నేనూ అడగలేదు. ఆ పూట ఇంటికి పోతూ బస్సు ఎక్కేముందు కూడా దేన్నో తాకాలనిపించింది నాకు.

శూన్యం గురించి ఆయన చెప్పిన క్లాసు మాత్రం మరిచిపోలేను. గాలి తీసేయండి, వెలుగు తీసేయండి, అన్నీ తీసేసినా క్షేత్రం పోదు, దానికి నిలకడ ఉండదు, అట్టడుగు స్థితిలో కూడా వణుకుతూనే ఉంటుందని వివరించి, బయటికొచ్చాక నాతో మెల్లిగా, "వూరక వుండను దానికీ తెలవదు, నాకూ తెలవదు," అని తనమీద తనే నవ్వుకున్నారు.

నా పరిశోధన ఆ వణుకు మీదే. ఏమీ లేని చోట రెండు లోహపు పలకల్ని బాగా దగ్గరగా పెడితే, మధ్య శూన్యమే ఉన్నా, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇది అందరికీ తెలిసిందే. మేము ఎంచుకున్న పూత ఒకటి పూస్తే ఆ లాగుడు నెట్టుడుగా మారుతుందని నా మూడో అధ్యాయం చెప్పింది. లాగుడా నెట్టుడా అన్నది చివరికి ఒక్క గుర్తు మీద ఉంటుంది, ప్లస్సా మైనస్సా అని. థీసిస్‌కు ప్రాణం అదే. పక్క ఊరి కాలేజీలో నాకు ఉద్యోగం ఇస్తామన్నది కూడా థీసిస్ ఇచ్చాకే.

ఇక్కడ మా చదువువాళ్ళు మాత్రమే చేసే తప్పు ఒకటుంది. కొన్ని పుస్తకాలు కాలానికి ప్లస్ పెట్టి, మూడు దిక్కులకూ మైనస్ పెడతాయి. కొన్ని తిరగేసి పెడతాయి. ఏది పట్టుకున్నా సరే, చివరిదాకా అదే పట్టుకోవాలి, లేకపోతే సూచికను కింద నుంచి పైకి లేపే చోట గుర్తు తారుమారవుతుంది. సార్ చదివింది ఒక రకం పుస్తకం, నేను తిరుపతిలో చదివింది ఇంకో రకం. ఆయన నోట్సులోంచి సగం, నా పుస్తకంలోంచి సగం తీసుకుని నేను మూడో అధ్యాయం కట్టాను. మొదట్లోనే ఆయన హెచ్చరించారు, రెండూ కలపొద్దని.

"మనం మాట్లాడేదే తెలుగూ అరవమూ కలిపి గదా సార్," అన్నాను.

"మాట కలిస్తే పోనీ. గురుతు కలిస్తే చస్తాముమ్మా."

అప్పుడు ఇద్దరం నవ్వాం.

థీసిస్ తయారైంది. సర్టిఫికెట్ పేజీ మీద ఆయన సంతకం పెట్టారు. తర్వాత కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. చదవకూడదు, రాయకూడదు అన్నాడు డాక్టరు. ఇంట్లో కళ్ళు మూసుకుని పడుకుని ఏం చేస్తారు, లెక్కలన్నీ మనసులో వేసుకుంటున్నారు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"మూడో అధ్యాయంలో పద్నాలుగో లైను చూడుమ్మా. ఆడ సూచిక పైకి లేపినావే, ఏ పుస్తకం పద్దతిలో లేపితివి? నాకు కొంచం బయంగా వుండాది."

చూస్తాను సార్ అన్నాను. చూడలేదు. మర్నాడు మళ్ళీ ఫోన్. చూస్తాను సార్. ఆ మర్నాడూ అంతే. పది రోజులు. కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. మూడో అధ్యాయం మీద నేను మా ఇంటి మిక్సీ తెచ్చి పెట్టాను. నవ్వండి, పరవాలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నేను చూడకపోతే తప్పు ఉండదని నా తెలివి. ఆయన భయం ఆయన్ని ప్రతి లైను దగ్గరికీ మళ్ళీ మళ్ళీ తీసుకుపోయేది. అదే భయం నన్ను కాగితం ముట్టనీయలేదు. ఇద్దరిదీ ఒకే భయం, నాకెందుకిలా పనిచేసిందో నాకు తెలియదు.

పదో రోజు సాయంత్రం ఫోన్ మోగగానే నా నోట్లోంచి వచ్చేసింది.

"చూస్తిని సార్. కరెక్టుగా వుండాది."

"మూడుసార్లు వేస్తివా?"

"మూడుసార్లు వేస్తిని."

"అయితే సరేమ్మా," అన్నారు. పెద్దగా ఊపిరి వదలడం వినబడింది.

తెల్లారి ఆయన లేరు.

ఆయన్ని పడుకోబెట్టిన గదిలో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. నేను అక్కా అని పిలుస్తాను. "పాపా, పది దినాలు సరిగ్గా కూడు తినలేదు. నీ లెక్క, నీ లెక్క అంటానే వుండిరి. నువ్వు ఫోన్లో చెప్పినంక రెండు దోసెలు ఎచ్చుగా అడిగి తినిరి. నిమ్మతిగా నిద్రపోయిరి. నువ్వు సల్లంగా వుండాల," అంది. నా చెయ్యి ఆమె చేతిలో చల్లబడిపోయింది. ఆమె అది దుఃఖమనుకుంది.

తర్వాత పదహారు రోజులు నేను కాగితాలు విప్పలేదు. నెలాఖరుకు థీసిస్ ఇచ్చేయాలి. సంతకం ఉంది. అడిగే మనిషి లేడు. పరీక్షకులు ఆ లైను దాకా రాకపోవచ్చు. వస్తే? రాకపోతే ఇంకా భయం, జన్మంతా ఆ సంతకం కింద నా అబద్ధం ఉంటుంది. మా అమ్మకు అర్థం కాలేదు. "సంతకం పెట్టిండారు గదా, ఇంక ఏమి బయమే నీకు?" అంది. అన్నం ముందు కూర్చుంటే ఆ రెండు దోసెలే గుర్తొచ్చేవి. ఆయనకు ఆ పూట తిండి పెట్టింది నా అబద్ధం. అది తప్పో కాదో ఇప్పటికీ నాకు తేలలేదు.

పదహారో రోజు కర్మ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, నేను సంచిలో థీసిస్ పెట్టుకుని విరుదునగర్‌లో వాళ్ళింటికి పోయాను. అక్క నాకు కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టేసి చెప్పేశాను.

"అక్కా, నేను ఆ లెక్క చూడలేదు. చూస్తిని అని సార్‌కు అబద్దం చెప్తిని. బయపడి చెప్తిని."

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"అప్పుడు అది కరెక్టా, తప్పా?"

"తెలవదక్కా."

"తెలవదా!" అంది. లేచింది. భోజనాల బల్ల మీద గిన్నెలన్నీ ఒక పక్కకు నెట్టి, తడిగుడ్డతో తుడిచి, లోపలి నుంచి తెల్ల కాగితాలు తెచ్చి నా ముందు పడేసింది. "కూర్చో. ఇప్పుడు చూడు. నా ముందరే చూడు."

కూర్చున్నాను. ఆమె ఎదురుగా కూర్చుంది. నేను మొదటి లైను నుంచి వేసుకుంటూ వచ్చాను. పక్కింట్లో కుక్కర్ కూతలు పెట్టింది. ఆమె నా ముఖాన్ని గానీ గడియారాన్ని గానీ చూడలేదు, తనకు ఒక్క ముక్కా తెలియని ఆ వరుసలనే చూస్తూ కూర్చుంది. పద్నాలుగో లైను దగ్గర సూచిక పైకి లేపాను. సార్ పద్ధతిలో లేపాను. గుర్తు మారింది. మళ్ళీ వేశాను. మూడోసారి కూడా వేశాను.

నెట్టుడు లేదు. అందరికీ తెలిసిన మామూలు లాగుడే. నాలుగేళ్ళలో ఏడాదిన్నర అక్కడే పోయింది. ఉద్యోగమూ పోయినట్టే. వింతేమిటంటే, ఆ క్షణంలో అవేవీ తోచలేదు. ఆ చీకటి కళ్ళతో పడుకుని ఆయన సరిగ్గా పట్టుకున్నారు కదా, నేను కాదన్నాను కదా అన్నదొక్కటే మిగిలింది.

నా కలం ఆగడం ఆమె చూసింది. "యాడ?" అంది.

థీసిస్ విప్పి చూపించాను. అక్కడ మైనస్ ఉంది, ప్లస్ ఉండాలి అన్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వంగి, పేజీ మీద వేలుపెట్టి వెతికింది. ఆ వేలు ఆ గుర్తు మీద ఆగింది.

"ఇదా?"

"ఆమా అక్కా."

"ఇంత చిన్న గీతకా? ఇంత చిన్న గీతకా ఆ మనిషి పది దినాలు కూడు మానేసె?"

నేను కలం పట్టుకుని కూర్చున్నాను, దిద్దడానికి. ఆమె వేలు తీయలేదు.