కావి దారంతో కొట్టిన గళ్ళు

పొద్దున షూటింగులో నా కెమెరా సామాను పెట్టె తెరవగానే ఎండిన కావి వాసన తగిలింది. ఎదురుగా ప్రొడక్షన్ మేనేజరు కాగితం పట్టుకుని నిలుచున్నాడు. గళ్ళ పలకను చిత్రీకరించామని నేను సంతకం పెట్టాలట. ఇంకా తీయనే లేదు. టైము లేదన్నాడు.

ఆ మాట నేను మొదట విన్నది డొంకూరు సముద్రపు ఒడ్డున, 2006 వేసవిలో, ఒక సినిమా పనిలో. కెమెరా పనిలో నా గురువు పలాస కామయ్య గారు. ఖాళీ సముద్రాన్ని మేము తీస్తే, దానిమీద గ్రాఫిక్స్ వాళ్ళు తరువాత ఓడను నిలబెట్టాలి. వెడల్పు లెన్సు అంచుల్లో తిన్నని గీతను కూడా వంచేస్తుంది. అదే లెన్సుతో గళ్ళ పలకను తీసి ఇస్తేనే ఆ వంపు ఎంతో వాళ్ళకు తెలుస్తుంది. లేకపోతే ఓడ నీటిమీద ఆనదు. మేము తీసుకువెళ్ళిన గళ్ళ అట్ట ఉప్పుగాలికి ఉబ్బి ముడతలు పడింది. అద్దెకు తెచ్చిన లెన్సు సాయంత్రం రైలుకు తిరిగి వెళ్ళిపోవాలి.

ఆ దగ్గరి ఊరు జలంత్రకోట పిల్లను, ప్రతిదీ డైరీలో రాసుకునేదాన్ని, తెలివి చూపించబోయాను. "వల బిగించి కట్టేద్దాం మావా, అన్నీ గళ్ళే కదా!"

"లాగితే వలకన్ను సాగదేటమ్మా? అప్పుడు ఒంకర లెన్సుదో వలదో ఎవుడు సెప్తాడు, నీ డైరీ సెప్తాదా?" అన్నారాయన. అందరూ నవ్వారు.

పడవలు చేసే వడ్రంగి దగ్గర కావి దారం అడిగి తెచ్చారు. తెల్లరంగు వేసిన ప్లైవుడ్ మీద చెరో కొన బిగబట్టి మీటితే ఎర్రని గీత పడేది. ఆనాటి లెక్క నా డైరీలో ఉంది: నాలుగంగుళాల గళ్ళు, అడ్డం ఇరవై నాలుగు, నిలువు పన్నెండు, మొత్తం రెండువందల ఎనభై ఎనిమిది. ఒక్క గీత వెంట్రుకవాసి జరిగిందని తుడిపించి మళ్ళీ కొట్టించారు.

"గళ్ళ కోసం గంట పోగొడితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!" అని అప్పటి మేనేజరు అరిచాడు.

కామయ్య గారు దారం వదలలేదు. "రేపటి సంగతి రేపు సూద్దాం బాబూ. ఇయ్యాల గీత తిన్నగుండాల."

నాలుగు దూరాల్లో పలకను చిత్రీకరించాం. లెన్సు రైలుకు అందింది. అయినా మర్నాడు ఆయనను పనిలోకి రానివ్వలేదు. వెళ్ళేముందు ఆ దారపు ఉండ నా చేతిలో పెట్టి, "తియ్యకుండా తీశానని మాత్రం రాయకమ్మా," అన్నారు. నెలల తరువాత తెరమీద ఓడ నీటిని అంటిపెట్టుకుని నిలిచింది. పేర్ల జాబితాలో ఆయన లేరు. నా డైరీలో ఉన్నారు.

ఈ పొద్దున కాగితాన్ని మేనేజరుకు తిరిగి ఇచ్చేశాను. రేపట్నుంచి రావద్దంటే అలాగే కానీయమన్నాను. తెల్ల ప్లైవుడ్ పరిచి, పెట్టెలోని ఆ దారపు ఉండ విప్పి, ఒక కొన అతని చేతికే ఇచ్చాను.

"బిగించి పట్టుకోండి."