గిన్నె ఖాళీగా వెళ్లకూడదు

గురువారం పొద్దున్న ఏడింటికి జయమ్మ పంపిన స్టీలు గిన్నె ఎనిమిదింటికల్లా తిరిగి వచ్చింది. వెళ్లేటప్పుడు అందులో దిబ్బరొట్టె ముక్కలు, చెరుకు పానకం ఉన్నాయి. వచ్చేటప్పుడు ఉప్పు లేకుండా ఉడికించిన బంగాళాదుంపలు నాలుగు, వాటి పక్కన టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఉన్నాయి.

జయమ్మ ఆ బ్యాటరీని కొంగుతో తుడిచి భర్త పాపారావుకి చూపించింది.

"ఏవండీ, దీన్ని ఏం చేసుకోమని?"

పాపారావు హెడ్ పోస్టుమాన్‌గా రిటైరైన మనిషి. వచ్చిన వస్తువుని పరీక్షగా చూడటం ఆయనకి అలవాటు. "కొత్తదే," అన్నాడు. "దుంపలు నిన్నటికంటే చిన్నవి. అద్దెకున్నావిడ దగ్గర సరుకు అయిపోతున్నట్టుంది."

"ఎగతాళి చాలుగానీ, మధ్యాహ్నం ఏం పంపనో చెప్పండి."

"ఏమీ పంపకు."

జయమ్మ ఆ మాట విననట్టే వంటింట్లోకి వెళ్లిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. వినకూడని మాట వినకుండా ఉండే విద్య ఆవిడకి బాగా వచ్చు.

రాజోలులో కాలవగట్టు పక్క వీధిలో వాళ్లది పెంకుటిల్లు. జయమ్మ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ముందువైపు రెండు గదులు, చిన్న వంటగది కట్టించారు. మొదట అద్దెకి దిగినవాడు బ్యాంకు గుమాస్తా. మూడు వారాలకే సామాను సర్దుకున్నాడు. "ఇల్లు బాగుందండి. వాళ్లు పెట్టే తిండికే తట్టుకోలేకపోయేను," అని ఊళ్లో చెప్పాడు. వీధివాళ్లు ఆ మాటలో అక్కర్లేని ముక్కలన్నీ తీసేసి, జయమ్మగారింట్లో మనుషులు నిలవరు అని ప్రచారంలో పెట్టారు. పక్కింటి లీలావతి అయితే ఎదురుగానే అనేది.

"ఈసారి అద్దెకి వచ్చేవాళ్లని డాక్టరుకి చూపించి మరీ దింపుకోండి వదినగారూ."

అలాంటి రోజుల్లో, 1981 జనవరి ఆఖర్లో, హాలెండు దేశం నుంచి యోహానా అనే ఆవిడ వచ్చింది. కొబ్బరిచెట్ల తెగులు చూడటానికి ఆరు వారాల పని మీద వచ్చింది. నలభై దాటిన వయసు, సన్నటి మనిషి, మెడలో భూతద్దం. మొదటి రెండు రాత్రులు బస్టాండు దగ్గర లాడ్జిలో ఉంది. సెకండ్ షో పాటలు ఆగేసరికి ఒంటిగంట, మొదటి బస్సు హారను కొట్టేసరికి నాలుగు. మధ్యలో నిద్రపోవచ్చు గానీ, అప్పుడు దోమలు ఖాళీగా ఉంటాయి. మూడో రోజు ఆవిడ, తనకి లాడ్జి వద్దు, ఎవరిదైనా ఇల్లు కావాలంది. మైక్రోస్కోపు పెట్టుకోవడానికి బల్ల, తన వంట తను చేసుకోవడానికి స్టవ్వు, వేసుకోవడానికి తలుపు ఉంటే చాలంది. ఆవిడకి తోడుగా తిరుగుతున్న వ్యవసాయశాఖ ఫీల్డుమాన్ వరప్రసాదం ఒకప్పుడు జయమ్మ దగ్గర చదువుకున్నవాడు. నేరుగా పాత టీచరుగారింటికి తీసుకొచ్చాడు.

పేరు వినగానే జయమ్మ సంబరపడింది. "లూకా సువార్తలో ఉన్న పేరే కదా ఇది, యోహన్న," అంది. ఆ పూట నుంచి ఆవిడ యోహన్నమ్మ అయింది.

ఇల్లు అద్దెకి తీసుకోవడమంటే తలుపు వేసుకునే హక్కు అని యోహన్నమ్మ అనుకుంది. ఇంటికొచ్చిన మనిషి తలుపు వేసుకుందంటే ఒంట్లో బాగోలేదేమోనని జయమ్మ అనుకుంది. మొదటి సాయంత్రమే గిన్నెడు మిరియాల చారు, అన్నం తీసుకుని తలుపు కొట్టింది.

యోహన్నమ్మ తిని, గిన్నె సబ్బుతో తళతళలాడేలా కడిగి తెచ్చి ఇచ్చింది. జయమ్మ, లీలావతి ఇద్దరూ గిన్నెలోకి చూశారు. ఏమీ లేదు.

"పాపం, తెలీదు," అంది జయమ్మ.

"హాలెండులో గిన్నెలు ఖాళీగానే తిరుగుతాయేమో," అంది లీలావతి.

ఒకరింటినుంచి వచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారో, గుప్పెడు కందిపప్పో, ఆఖరికి రెండు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తారు. ఈ సంగతి ఆవిడ చెవిన వెయ్యమని వరప్రసాదాన్ని ఎవరూ అడగలేదు. అతనే పెద్దరికం తీసుకున్నాడు. ఇంగ్లీషులో చెప్పేసరికి విషయం కొంచెం పెరిగింది కూడా. గిన్నె ఖాళీగా ఇస్తే ఆ ఇంటికి కీడని చెప్పాడు. సైన్సు చదివిన మనిషి కాబట్టి యోహన్నమ్మ నవ్వేస్తుందనుకున్నాడు. ఆవిడ నోటుబుక్కు తీసి, తారీఖు వేసి రాసుకుంది.

మర్నాటి నుంచి దుంపలు రావడం మొదలైంది.

ఇక్కడ జయమ్మకి కొత్త చిక్కొచ్చింది. తన గిన్నెలో ఏదో వచ్చిందంటే దానికి బదులు చెయ్యాలి. ఆ దుంపలనే వేపుడు చేసి, పక్కన రొయ్యల ఇగురు పెట్టి పంపింది. దానికి బదులుగా రొట్టెముక్కలు, రెండు ఉడికిన గుడ్లు వచ్చాయి. గుడ్లు పులుసు పెట్టి పంపితే అరటిపళ్లొచ్చాయి. రోజుకి ఒకటిగా మొదలైన గిన్నె పది రోజులకి మూడుసార్లు తిరగసాగింది. యోహన్నమ్మ పొద్దుణ్ణుంచీ తోటల్లో తిరిగి, చెట్ల వేర్లు తవ్వించి చూసి, సాయంత్రం అలిసిపోయి వస్తూ కూడా బజారుకి వెళ్లి గిన్నెలోకి ఏదో ఒకటి కొనేది. కొనడానికి తీరిక లేనిరోజు ఇంట్లో వెతికేది. ఒకసారి రెండు పెన్సిళ్లు వచ్చాయి. ఇప్పుడు బ్యాటరీ.

ఆ గురువారం సాయంత్రం వరప్రసాదం వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడ్డాడు. కూర్చోలేదంటే చెడ్డమాట ఏదో ఉన్నట్టే.

"టీచరుగారండీ, ఆవిడ మళ్లీ లాడ్జిలో గది చూడమన్నారండి. శనివారం మారిపోతారంటండి."

జయమ్మ చేతిలో చేట ఆగింది. "లాడ్జికా? అక్కడ నిద్రపట్టక కదరా ఇక్కడికొచ్చింది?"

"ఆయ్."

"మరి నేనేం తక్కువ చేసేను?"

"తక్కువ కాదండి," అన్నాడు వరప్రసాదం. ఆపైన ఎలా చెప్పాలో తెలియక నేల చూశాడు. చిన్నప్పుడు ఎక్కాలు రాకపోతే కూడా అలాగే చూసేవాడు.

జయమ్మకి అందులో ఒక్క ముక్కే తలకెక్కింది. తక్కువైంది. శుక్రవారం పొద్దున్న పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం కొరమేను పులుసు, సాయంత్రం సున్నుండలు వెళ్లాయి. సున్నుండల గిన్నె తిరిగి రాలేదు. తలుపు సందులోంచి చూస్తే ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

గోడవతల నుంచి లీలావతి పలకరించింది. "హాలెండు కూడా నిలవట్లేదంటగా వదినగారూ?"

జయమ్మ గోడవైపు చూడకుండా అరుగెక్కింది. ఆవిడ మాట పడి ఊరుకోవడం లీలావతికే వింతగా తోచి, గోడ దిగిపోయింది.

పాపారావు భార్యని చూసి పేపరు మడిచాడు. "చూడు జయమ్మా. నువ్వు ఆవిడకి పంపేవన్నీ రిజిస్టరు ఉత్తరాలు. ప్రతిదానికీ అక్నాలెడ్జిమెంటు చెయ్యాలి. ఆవిడ వచ్చింది చెట్లు చూడ్డానికా, నీకు సంతకాలు పెట్టడానికా? కార్డుముక్క పంపు. కార్డుకి జవాబు రాయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు."

"కార్డుముక్క ఏంటండీ?"

"గిన్నె మానేసి అరిటాకులో పెట్టు. ఆకు తిరిగివ్వక్కర్లేదు."

జయమ్మ మొహం మాడిపోయింది. "ఆకులో పెట్టి పంపడమంటే ఏంటో మీకు తెలీదా?"

పాపారావుకి తెలుసు. జయమ్మ తల్లి కామందు గారి చేలో కోతలకి వెళ్లిన రోజుల్లో, పెరట్లో దూరంగా కూర్చోబెట్టి ఆకులో పెట్టేవారు. గిన్నెలో పెడితే ఆ గిన్నెని మళ్లీ ఇంట్లోకి తీసుకోవాల్సి వస్తుంది. జయమ్మ టీచరైన తరవాత కూడా, తోటి టీచర్ల ఇళ్లలో పెళ్లి జరిగితే కొందరిళ్లనుంచి పిండివంటలు ఆకుల్లోనే వచ్చేవి. ఆవిడ మొదటి జీతంతో కొన్నవి ఆరు గిన్నెలు. ఒక్కొక్కదాని అంచున 'పి. జయమ్మ' అని చుక్కలతో పేరు కొట్టించింది. ఆ గిన్నెలు ఎవరింటికి వెళ్లి తిరిగొస్తాయో, ఎవరింటికి వెళ్లవో ఆవిడ ముప్పై ఏళ్లకి పైగా చూస్తూనే ఉంది. ఎక్కడో సముద్రాలవతల పుట్టిన మనిషి ఆ గిన్నెలో తిని, కడిగి, అందులో ఏదో వేసి తిప్పి ఇస్తోంది. అది దుంపైతేనేం, బ్యాటరీ అయితేనేం.

పాపారావు పేపరు మళ్లీ విప్పాడు. పోస్టాఫీసు పోలికలు అన్నిచోట్లా పనికిరావని ఆయనకి అప్పుడు తెలిసింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి రిక్షా బుల్లబ్బాయి గుమ్మం ముందు గంట కొట్టాడు. వరప్రసాదం మైక్రోస్కోపు పెట్టెని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి తెస్తున్నాడు. అప్పుడు జయమ్మ పెరట్లోకి వెళ్లి, అరిటాకులు రెండు కోసింది. కడిగి చంకలో పెట్టుకుని, అన్నం గిన్నె, చారు గిన్నె చేత పట్టుకుని, యోహన్నమ్మ గదిలోకి వెళ్లింది. తలుపు కొట్టలేదు.

నేల మీద రెండాకులు ఎదురెదురుగా వేసింది. తను ఒకదాని ముందు కూర్చుంది. రెండోదాన్ని చూపించి, ఒకటో తరగతి పిల్లలకి చెప్పినట్టు, "సిట్," అంది.

యోహన్నమ్మ కూర్చుంది. ఆ గొంతుకి కూర్చోనివాళ్లు రాజోలులోనే ఎవరూ లేరు.

అన్నం కొంచెమే ఉంది. చారు, అన్నం మీదే పెట్టి తెచ్చిన పనసపొట్టు కూర, అంతే. ఇద్దరూ తిన్నారు. యోహన్నమ్మ ఆకు ఖాళీ అయినా జయమ్మ మారు వడ్డించలేదు. అందుకు ఎంత నిగ్రహం కావలసివచ్చిందో గుమ్మంలో నిలబడ్డ పాపారావు ఒక్కడికే తెలుసు. తినడం అయ్యాక జయమ్మ రెండాకులూ మడిచి, కిటికీలోంచి పెరట్లోకి విసిరింది. దూడ వచ్చి అందుకుంది. యోహన్నమ్మ అలవాటు కొద్దీ కడగడానికి అటూ ఇటూ చూసింది. అన్నం గిన్నె, చారు గిన్నె జయమ్మ తన ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఇవి నావి. నేనే తెచ్చేను, నేనే పట్టుకెళ్తాను," అంది. "ఒరే వరప్రసాదం, చెప్పు ఆవిడకి. ఇకమీదట ఆదివారం ఒక్కరోజే, చర్చి నుంచి వచ్చేక. ఇద్దరం కూర్చుని తింటాం. మిగతా రోజులు తలుపేసుకోమను."

వరప్రసాదం చెప్పాడు. ఈసారి ఏమీ కలపలేదు. యోహన్నమ్మ విని, చాలాసేపు నవ్వి, నోటుబుక్కు తీసి, తారీఖు వేసి రాసుకుంది. తరవాత వెళ్లి మైక్రోస్కోపు పెట్టె అతని చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఆకులో పెట్టనన్నావు?" అన్నాడు పాపారావు, భార్య బయటికి వచ్చాక.

"ఆకు పంపడం వేరు, ఆకేసుకుని ఎదురుగా కూర్చోవడం వేరు," అంది జయమ్మ. అని, గుమ్మం ముందు ఇంకా నిలబడే ఉన్న బుల్లబ్బాయిని చూసింది. "ఊరికే ఎలా వెళ్తావురా, నువ్వూ ఓ ముద్ద తిను." గదిలో మిగుల్చుకున్న వడ్డన అంతా అతని మీద పడింది. ఆ పూట బుల్లబ్బాయి ఇంకో బేరానికి వెళ్లలేకపోయాడు.

యోహన్నమ్మ ఆరు వారాలూ ఉంది. పని తెమలక ఇంకో రెండు వారాలు ఉంది. వీధివాళ్లు పాత మాట మానేసి, జయమ్మగారింట్లో దిగినవాళ్లు కదలరు అనడం మొదలుపెట్టారు. అది పొగడ్తో కాదో లీలావతి తేల్చి చెప్పలేదు.

యోహన్నమ్మ వెళ్లాక లెక్కపెట్టుకుంటే గిన్నెలు ఐదే ఉన్నాయి. సున్నుండల గిన్నె లేదు.

సెప్టెంబరులో హాలెండు నుంచి పార్సిలొచ్చింది. పాపారావు సంతకం పెట్టి తెచ్చాడు. లోపల నీలం రంగు రేకు డబ్బా. డబ్బాలో 'పి. జయమ్మ' గిన్నె. గిన్నె నిండా బిస్కెట్లు. సామాన్లలో కలిసి వచ్చేసిందని, ఖాళీగా పంపడానికి చెయ్యి రాలేదని ఒక చీటీ.

జయమ్మ గిన్నెని ఆరోదిగా పేర్చుకుంది. బిస్కెట్లు లీలావతి ఇంటికి కొన్ని వెళ్లాయి. తరవాత జయమ్మ నీలం డబ్బాని చేతిలో తిప్పి చూసింది.

"ఏవండీ, గిన్నె మనదే. ఈ డబ్బా ఎవరిది?"

పాపారావు ఇంత దూరం ముందే ఊహించాడు. "పూతరేకులు మాత్రం వద్దు. పిండైపోతాయి," అన్నాడు.

సోమవారం నాడు డబ్బా నిండా కొబ్బరి లౌజు కుదించి, గుడ్డ చుట్టి, కుట్టి, లక్క ముద్ర వేయించి ఇద్దరూ పోస్టాఫీసుకి తీసుకెళ్లారు. రిజిస్టరు చెయ్యమని, అక్నాలెడ్జిమెంటు కూడా కావాలని జయమ్మే కౌంటర్లో చెప్పింది. గుమాస్తా డబ్బాని కాటా మీద పెట్టాడు. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.