మెడలో మాలతోనే

సంగటి ముద్ద చేతిలో ఉండగానే మా ఆయన కునికాడు. మిట్టమధ్యాహ్నం. తల మెల్లగా కంచం మీదికి వంగుతోంది. "నాయన ఆటలాడతాండాడు" అని మా చిన్నది చప్పట్లు కొట్టింది. నేను మాత్రం కంచం పక్కకు లాగాను. అలసిన మనిషి నిద్ర నాకు తెలుసు. ఇది అది కాదు. గట్టిగా పిలిస్తే కళ్లు తెరిచాడు కానీ నన్ను చూడలేదు.

ఆయన బోరు లారీ మీద పని చేస్తాడు. ఇనుప రాడ్లు ఎత్తి ఎత్తి నడుము పట్టేస్తే, తోటి పనివాడొకడు నొప్పి మాత్రలు అలవాటు చేశాడు. మొదట నొప్పికి, తర్వాత పనికి, ఆ తర్వాత ఊరికే. ఈమధ్య అధికారులు మెడికల్ షాపులు తనిఖీ చేస్తున్నారు, డాక్టరు చీటీ లేనిదే ఎవరూ ఇవ్వడం లేదు. మంచిదే. అలవాటుపడ్డ మనిషి ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన బళ్లారి వైపు పోయి తెచ్చుకున్నాడు.

మా వైపు తాగుడు మానాలంటే పాండురంగడి మాల వేయిస్తారు. మాత్రలకూ అదే విరుగుడనుకున్నాం. కంచం మీద ఆ కునుకు చూశాక అత్త తీసుకుపోయి వేయించింది. ఆయన నిజంగానే ఒక్కసారిగా మానేశాడు. మర్నాటికే వాంతులు, చెమటలు, కాళ్లు లాగడం.

"దొంగతనంగా మింగింటాడు. దేవుడు ఊరకుంటాడా?" అంది అత్త.

మత్తు మానాలంటే పిలవమని సచివాలయం గోడ మీద రాసిన నంబరుకు ఫోన్ చేశాను. ఒకేసారి ఆపితే ఒళ్లు ఇలాగే తిరగబడుతుందని, అనంతపురం పెద్దాసుపత్రిలో మత్తు మాన్పించే వార్డుందని ఎవరో అమ్మాయి చెప్పింది.

"మింగలేదు కాబట్టే ఇట్లయింది అత్తా. ఆసుపత్రికి పోతాం."

"మాలేసుకుని పిచ్చోళ్ల డాక్టరు కాడికా? ఊర్లో తలెత్తుకుని తిరగల్లని లేదా నీకు?"

"ముందు నీ కొడుకు తలెత్తనీ."

ముఖం కనపడకుండా ఆయన తువ్వాలు చుట్టుకున్నాడు. తీసేశాను. బస్సు కాడ తెలిసినాయన పలకరించాడు.

"ఏమప్పా, మాలేసుకుని యాడికి?"

ఆయన గబగబా బస్సెక్కబోయాడు. నేనే చెప్పాను. "ఆసుపత్రికన్నా. మత్తు మాత్రలు మాన్పించేదానికి."

డాక్టరు ముందు ఆయన మాల తీయబోయాడు. "ఉండనీప్పా. మాలా ఉండనీ, మేమిచ్చే మందూ వేసుకో. మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు డాక్టరు. వార్డులో చేర్చుకున్నారు. మా మండలానికి మనసు డాక్టరు ఎందుకు రాడని అడిగాను. అర్జీ పెట్టమన్నారు. పెట్టాను. రాకపోతే మళ్లీ పోతాను.

మరిదిని తోడుంచి ఇల్లు చేరాను. కర్ణాటకలో బోరు పనికి పోయినాడని పిల్లలకు చెప్పమంది అత్త. ఆయన నిలబడతాడో లేదోనన్న భయం, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న ఇప్పుడూ పోలేదు. అయినా ఇల్లు చేరిన మర్నాడు పొద్దున జడ వేస్తూ చిన్నదానికి, చొక్కా గుండీలు పెడుతూ పెద్దోడికి ఉన్నదే చెప్పాను.

"మీ నాయన ఆసుపత్రిలో ఉండాడు. మత్తు మాత్రలు మానతాండాడు. బడిలో అడిగితే ఇట్లే చెప్పండి."

"నవ్వితే?" అన్నాడు పెద్దోడు.

"నవ్వనీ. వాళ్లింట్లో ఎవరికన్నా కావల్లంటే ఏ బస్సెక్కల్లో మాయమ్మకు తెలుసని చెప్పు."