మన మాటలో ఒకసారి

మాట్టుతావణి బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు ఎక్కితే, నా పక్క కిటికీ సీట్లో యాభై ఏళ్ల ఆమె ఒళ్లో ఆస్పత్రి కవరు పెట్టుకుని ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. ఇంతమంది అరవవాళ్ల మధ్య మన తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అన్న ధైర్యం ఆమెది. ఈ అరవదేశంలో తరతరాలుగా ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మా అందరికీ ఉన్న ధైర్యమే అది.

"అండాశయం కోసి తీసినారు గదా చెల్లీ, దాన్లో రెండు ఉండెనంట. ఒకటి ఉత్త గెడ్డ. ఇంకోటి కుక్కల నించి వచ్చే పురుగు అంటుకొని కట్టిన నీటి తిత్తి అంట. కేన్సరు లేదంట. ఎవురికీ చెప్పొద్దు, సిగ్గు!"

"మంచిదాయె అక్కా," అనేశాను నేను, నోరు ఆగక.

ఆమె ఫోన్ ఒళ్లో పడేసుకుంది. ముఖం ఎర్రబడింది. "అయ్యో, నువ్వూ మనోళ్లేనా!"

తిరుమంగళం దాటేదాకా నావైపు చూడలేదు. తర్వాత ఉన్నట్టుండి కవరు నా చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మ తమిళంలో చెప్పె. కొడుకు ఇంగ్లీషులో చదివె. వాళ్లు చెప్పింది నిజమే అయినా నా లోపలికి దిగలా. నువ్వొకసారి మన మాటలో చెప్పు తల్లీ."

కవరులోని రిపోర్టు రెండు పేజీలూ నిదానంగా చదివాను. "కేన్సరు లేదక్కా. పురుగుకు మాత్రలు మింగితే చాలు."

"ఇంకోసారి."

ఇంకోసారి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని ఒళ్లో ఫోన్ చూసుకుంది. కాల్ ఇంకా కట్ కాలేదు, అవతల చెల్లెలు లైన్లోనే ఉంది. దాన్ని తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"మా చెల్లెలికీ చెప్పు."

ఇప్పుడు బస్సులో ఫోనొస్తే నేను తెలుగులో గట్టిగానే మాట్లాడతాను. పక్కన మనోళ్లు ఎవరైనా ఉంటారేమో.