ఆగినోనికే అగ్గువ

తొంభైలలో, బడికి వెళ్ళే రోజుల్లో, మేడ్చల్ అంగడిలో నాయిన పక్కన గోనెసంచి మీద కూర్చుని నేనూ కూరగాయలు అమ్మాను. శామీర్‌పేట వైపు మాకు ఒక బావి, దాని కింద నాలుగు మడులు ఉండేవి. టమాట, కొత్తిమీర, పాలకూర వేసేవాళ్ళం. పొద్దున వచ్చినవాళ్ళు చెప్పిన ధరకు కొనుక్కుపోయేవాళ్ళు. పొద్దు వాలేకొద్దీ ధర దిగేది. చీకటి పడే వేళకు మిగిలిన టమాటను నాయిన గంపగుత్తగా ఇచ్చేసేవాడు. తెల్లారితే అది పెంటకుప్పకే కదా. ఆ వేళ కోసమే కాచుకుని, సంచి చంకలో పెట్టుకుని అంగడంతా తిరిగే ముసలమ్మలు కొందరుండేవారు. వాళ్ళను చూపించి నాయిన నవ్వేవాడు.

"సూడు బిడ్డా, తెల్వి అంటే గది. ఆగినోనికే అగ్గువ."

అగ్గువ అంటే మా దగ్గర చవక. ఆ మాట నాకు ఎక్కాల కంటే బాగా ఒంటబట్టింది. చెప్పులైనా, పండుగ బట్టలైనా ఆగి, బేరమాడి, ఇంకాస్త ఆగి కొనేదాన్ని. బేరంలో నన్ను మించినవాళ్ళు లేరని కొంచెం పొగరు కూడా ఉండేది.

డిగ్రీ అయ్యాక కొంపల్లిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది. తక్కువ ధరల విమానాలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మీద చూసినా అవే ధరలు. దుండిగల్ నుంచి, హకీంపేట నుంచి లేచిన శిక్షణ విమానాలు మా మడుల మీద పొద్దంతా చక్కర్లు కొడుతుండేవి. నాయిన కలుపు తీస్తూ తీస్తూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఎక్కాలని ఎప్పుడూ అనలేదు. ఎక్కించాలని నాకే ఉండేది.

సరిగ్గా అప్పుడే బొంబాయి నుంచి అత్త ఫోన్ చేసింది. నాయినకు ఒక్కగానొక్క చెల్లెలు ఆమె. ఇళ్ళు కట్టే కూలిపనుల కోసం మా మామ వెంట ఎప్పుడో అక్కడికి వెళ్ళిపోయింది. పెద్దకూతురికి సంబంధం కుదిరిందని, పెళ్ళి రెండు నెలల్లో ఉందని చెప్పింది. మా ఇళ్ళలో పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మంటపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ పిల్లకు మేనమామ అంటే మా నాయిన ఒక్కడే. పురిట్లో దాన్ని చేతుల్లోకి తీసుకున్న రోజే "నిన్ను గంపల ఎత్తుకొచ్చేది నేనే బిడ్డా" అన్నాడని అత్త ప్రతి ఫోన్‌లోనూ గుర్తు చేసేది.

అమ్మ అందరికీ రైలు టికెట్లు తియ్యమంది. అమ్మకూ అవ్వకూ తీశాను. వాళ్ళు పెళ్ళి పనులకని వారం ముందే వెళ్తారు. నాయినను మాత్రం విమానంలో తీసుకొస్తానన్నాను. అప్పటి ధర మరీ ఎక్కువేం కాదు, రైలులో ఏసీ టికెట్ మీద ఇంకొంచెం పెడితే వచ్చేంత. నా పక్క సీటులో పనిచేసే ఆమెది భీమవరం వైపు. తెర మీదికి వంగి చూసింది.

"బాగుందండీ, ఇప్పుడే తీసేసుకోండి. మేం ఎప్పుడూ ముందే తీసుకుంటామండీ. తర్వాత పెరిగిపోద్ది."

నాకు లోపల నవ్వొచ్చింది. అంగడికి పొద్దున్నే వచ్చి, చెప్పిన ధర చేతిలో పెట్టి వెళ్ళేది ఇలాంటివాళ్ళే అనుకున్నాను. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటు అంటే కుళ్ళిన టమాటతో సమానం. చివరికి మిగిలినవి ఎంతకో అంతకు తెగనమ్మక ఏం చేస్తారు? ఇంటికొచ్చి నాయినకు ఇదే లెక్క చెబితే తల ఊపాడు. తన మాటే నా నోట వింటున్నందుకు మురిసిపోయాడు కూడా.

"నా బిడ్డ నన్ను ఇమానం ఎక్కిస్తాంది" అని అంగడంతా చెప్పుకున్నాడు. మేడ్చల్‌లో మేదరివాళ్ళతో కొత్త గంప అల్లించాడు. దానికి పసుపు రాసి, పెళ్ళికూతురికి, అంటే నా మరదలికి, పెట్టే చీర మడతపెట్టి అందులో ఉంచాడు. ఒక రోజు మాత్రం గంప చుట్టూ తిరిగి చూసుకుంటూ అడిగాడు.

"ఇమానంల గంప వట్టనిస్తరా బిడ్డా?"

"ఎందుకు పట్టనివ్వరు నాయినా?" అన్నాను. అప్పటికి టికెట్టే కొనలేదు.

నెల గడిచింది, ధర కదల్లేదు. అమ్ముడుపోవడం లేదన్నమాట అని సంబరపడ్డాను. ఆ తర్వాత కొంచెం పెరిగింది. వ్యాపారస్తుడు ఒకసారి ఎగదోసి చూస్తాడు, అది మామూలే అనుకున్నాను. అమ్మనూ అవ్వనూ రైలెక్కించిన రోజుకు రెట్టింపయింది. కిటికీలోంచి అమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"మీ నాయినకు గూడ మాతోటే తీస్తే ఒడుస్తుండె గదనే" అంది.

పెళ్ళికి రెండు రోజుల ముందు, పొద్దున, తెర మీద ఒకే ఒక్క సీటు కనబడింది. దాని ధర నా నెల జీతం కంటే ఎక్కువ. నాయిన ఒక్కడినైనా పంపవచ్చు. ఆఫీసులో అడిగితే జీతం ముందుగా ఇచ్చేవాళ్ళు, పక్క సీటు ఆమె తన కార్డు వాడుకోమని తనే అంది. అయినా నా చెయ్యి పోలేదు. ఇన్ని రోజులు ఆగి ఇంత పెట్టి కొంటే నేను ఓడిపోయినట్టే. సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను. సాయంత్రానికి ఆ సీటు లేదు. మర్నాటి విమానాల్లోనూ లేదు. రైళ్ళన్నీ ఎప్పుడో నిండిపోయాయి.

అంగడి ధర్మం అక్కడ ఎందుకు చెల్లలేదో నాకు అప్పుడు అర్థమైంది. కుళ్ళిపోతుందన్న భయంతో టమాట అమ్మేవాడు దిగొస్తాడు. విమానం దగ్గర ఆ భయం ఎక్కేవాడిది. చివరి గడియలో వచ్చేవాడు తప్పనిసరై వస్తాడు, అందుకే వాడి దగ్గరే గుంజుతారు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాయిన గంపను పణంగా పెట్టాను.

ఇంటికొచ్చి చెప్పాను. నాయిన కాసేపు గంప వైపు చూశాడు. "బస్సున్నది గద బిడ్డా, పరేషాన్ గాకు" అన్నాడు.

ఆ రాత్రి బస్సులు అప్పటికే వెళ్ళిపోవడంతో మర్నాడు మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బస్సెక్కాం. గంపను డిక్కీలో పెడతానని క్లీనర్ ఎంత చెప్పినా నాయిన వినలేదు, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. అన్నీ బాగుంటే తెల్లారేసరికి చేరాల్సింది. పుణె దాటాక ఘాట్‌లో లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా పడింది. ముందూ వెనకా కదలని బండ్లు. అత్త నా సెల్లుకు ఒకటే ఫోన్లు. "యాడిదాంక వచ్చిండ్రే?" అంటుంటే వెనక సన్నాయి వినబడేది. చివరిసారి చేసినప్పుడు ఏడుస్తోంది. అయ్యగారు ముహూర్తం దాటిపోతోందంటున్నాడట. నేను ఫోన్ నాయినకు ఇచ్చాను.

"ఎవలో ఒకల్ని ఎత్తుకొమ్మను చెల్లె, నా కోసం ఆపకు" అన్నాడు. ఆ తర్వాత బస్సు కదిలేదాకా గంప అంచు మీద పసుపును బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు. ఆ వేలు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

మేం చేరేసరికి పందిట్లో భోజనాలు నడుస్తున్నాయి. వరసకు మామ అయ్యే పక్కింటాయన ఎవరో పిల్లను ఎత్తుకొచ్చాడట. ఖాళీ గంప పట్టుకుని నాయిన గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళిబట్టల్లో ఉన్న మరదలు ఒకసారి చూసి తల దించుకుంది. అత్త విస్తరి వదిలేసి వచ్చింది.

"ఇమానంల వస్తనంటివి గదన్నా! ఏమాయె?"

చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. నాయిన నా కంటే ముందు అందుకున్నాడు.

"బిడ్డ టికెట్ తీస్తనన్నది. నేనే వద్దన్న చెల్లె. టమాట ఒక్కపారే పండె, కోతకు మనుషులు దొరకకపాయె. ఆఖరుకు గిట్లయింది."

"నా బిడ్డ పెండ్లి కంటె నీకు టమాటలు ఎక్కువాయెనా?" అంది అత్త. పంక్తిలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఎదురుగా అమ్మ వడ్డిస్తూ ఆగి నా వైపే చూసింది.

"పోరికి ఆకలైతాంది, ముందుగాల అన్నం వెట్టు" అన్నాడు నాయిన. నేను వెళ్ళి కూర్చుని తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

తిరిగొచ్చాక అత్తకు ఫోన్ చేసి నిజం చెప్పేస్తానన్నాను. "వద్దు బిడ్డా, నా మీద కోపమైతే దానికి రేపో ఎల్లుండో పోతది. నువ్వు ఇంక ముందుగూడ దాని ఇంటికి పోయేదానివి, వచ్చేదానివి" అన్నాడు. ఆ మాట చాలు నాకు, చెప్పకుండా ఉండడానికి. అత్త కోపం రేపో ఎల్లుండో పోలేదు. టమాటల కోసం మేనకోడలిని మరిచినవాడిగా మా బంధువుల్లో నాయిన పేరు నిలబడిపోయింది.

కొన్నేళ్ళకు చిన్న మరదలి పెళ్ళి కుదిరింది. అత్త ఫోన్ పెట్టేసిన గంటలోనే టికెట్లు తీశాను. మూడు నెలలు ముందుగా, వారం నడుమ, పొద్దున్నే లేచే విమానం. అంత తక్కువ ధర మళ్ళీ నాకెప్పుడూ దొరకలేదు. విమానాశ్రయం అప్పటికే బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. మేడ్చల్ నుంచి ఊరంతా దాటి అక్కడికి పోవడమే ఒక ప్రయాణం. నాయిన నడుము అప్పటికే పడిపోయింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే అడిగాడు.

"అగ్గువకే దొరికిందా బిడ్డా?"

"దొరికింది నాయినా."

"మంచిగయింది" అన్నాడు.

రెండు రోజుల ముందే చేరాం. పెళ్ళి రోజు నాయిన గంప ఎత్తలేకపోయాడు. ఇద్దరు కుర్రవాళ్ళు ఎత్తుకుంటే, అంచు మీద చెయ్యి వేసి పక్కన మెల్లగా నడిచాడు. అత్త కళ్ళు తుడుచుకుంది. భోజనాల దగ్గర పెద్ద మరదలు బిడ్డను చంకనేసుకుని వచ్చి నాయిన పక్కన కూర్చుంది. గంపలో నాయిన మోయాల్సిన పిల్ల అది.

"ఏం మామా, ఈపారి టమాటలు ఏం జేసినవ్?" అంది. అందరూ పగలబడి నవ్వారు.

"ఈపారి పెట్టనే లేదు బిడ్డా" అన్నాడు నాయిన, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

అది నిజం. ఆ పంటకాలం టమాట మడులు రెండూ బీడు పెట్టాడు. ఎందుకని అమ్మ అడిగితే పెండ్లికి పోవాలె గదా అన్నాడు. నా కోసం ఆడిన అబద్ధానికి తన పంట మానుకుని మరీ కట్టుబడ్డాడని నాకు ఆ పంక్తిలో కూర్చున్నప్పుడే తెలిసింది. నవ్వు ఇంకా ఆగలేదు. నాయిన నా వైపు చూడకుండా విస్తరిలో అన్నం కలుపుకుంటున్నాడు. మరదలు నన్ను మోచేత్తో పొడిచి, "సూసినవా వదినా, మీ నాయినను!" అంది.

నేను కూడా నవ్వాను.