సలాముల తర్వాత

ఆ శుక్రవారం గఫూర్ ఎంతవరకు విన్నాడు? రెండేళ్ళయింది, నాకింకా తెలియదు. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటాడు. ఇది మాత్రం అడగదగిన మాట కాదు.

ప్రొద్దుటూరులో నేను పనిచేసిన లైబ్రరీ పక్కనే అతని అంగడి. టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో కువైట్‌కు పోయినవాళ్ళు జాబులు రాయడం తక్కువ, క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్ళు. ఇంట్లో టేప్‌రికార్డర్ లేనివాళ్ళు గఫూర్ అంగట్లో కూర్చుని వినేవాళ్ళు. మొదట వరసబెట్టి అందరికీ సలాములు. అవి అయిపోయి గొంతు తగ్గిందంటే, ఇక ఆ మాటలు భార్యకో భర్తకో అని అర్థం. మిగిలినవాళ్ళు లేచి బయటికి పోయేవాళ్ళు. గఫూర్ కూడా వీధిలోకి వచ్చి నిలబడేవాడు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు.

తర్వాత అతని భార్య అమీనాబీ కూడా కువైట్‌కు ఇంటిపనికి పోయింది. మూడోసారి పోయినప్పుడు జబ్బుచేసి చనిపోతే అక్కడే మట్టిచేశారు. ఆమె పంపిన క్యాసెట్లలో బూజు పట్టకుండా ఒక్కటి మిగిలింది. నేను కంప్యూటర్ కొన్న కొత్తలో గఫూర్ దాన్ని అందులోకి ఎక్కించుకున్నాడు. ఆ టేపూ తెగిపోయింది. అంగడి మూసి జమ్మలమడుగులో అక్క ఇంటికి చేరినాక, ఏడాదికోసారి, ఆమె పోయిన నెలలో, మా ఇంటికి వచ్చి విని పోయేవాడు.

ఆ ఏడాది కంప్యూటర్ మొరాయిస్తే విండోస్ మళ్ళీ వేయించాను. ఫైలు ఉంది, శబ్దం పోయింది. గఫూర్ ఫోన్లోకి ఎక్కించి ఇస్తానన్నాను.

"నా ఫోను ఎప్పుడూ ఇంట్లో పిల్లోల్ల చేతుల్లోనే ఉంటాది సార్. ఆమె మాటలు వాళ్ళు ఇనాల్నా?" అన్నాడు.

శుక్రవారం నమాజు చేసుకుని మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. స్పీకర్ వైరు కొన మీద వేలు పెడితే బుర్రుమంది. స్పీకర్లు బాగున్నాయి. తెర మీద సౌండ్ కార్డు దగ్గర మాత్రం పసుపు గుర్తు. కార్డు డబ్బాలోని సీడీ పెట్టి, కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కించాం. అలాంటి కార్డేదీ లేదంది కంప్యూటర్. తీసేసి మళ్ళీ వేశాం. అదే మాట. ఆ సాయంత్రం వెళ్ళిపోయి పై శుక్రవారం వచ్చాడు. మళ్ళీ అదే మాట.

"ఉన్నదాన్ని లేదంటాంటే ఎట్ల సార్," అన్నాడు, మెల్లగా.

మూడో శుక్రవారం పెట్టె విప్పి కార్డు బయటికి లాగాడు. చిప్పు మీద ఇంగ్లీషు అక్షరాలు. అతనికి ఇంగ్లీషు రాదు, నాకు చూపు ఆనదు.

"ఇన్ని పుస్తకాలు సదివినారే, ఈ నాలుగు అచ్చరాలు సదవలేరా?"

"ఇది చదవాలంటే చీమకైనా కళ్ళద్దాలు కావాలప్పా."

భూతద్దం పెట్టి చదివాను. డబ్బా మీది నంబరు వేరు, దీనిది వేరు. గఫూర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేనే మార్చినా సార్. క్యాసెట్ ఎక్కించేటప్పుడు ఆమె గొంతు సుద్దంగా రావాలని మంచి కార్డు తెచ్చి ఏసినా. పాతది ఎవరికో ఇచ్చేసినా. డబ్బా మాత్రం ఈడనే ఉండిపాయ."

నంబరు కాగితం మీద రాసుకుని, జిరాక్స్ అంగట్లో ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చాను. ఆదివారానికే తెచ్చాను. అతనికి చెప్పలేదు. శుక్రవారం ఎటూ వస్తాడు కదా అనుకున్నాను. అప్పటికి నాకు శుక్రవారాలు అలవాటయ్యాయి.

నాలుగో శుక్రవారం డ్రైవర్ ఎక్కింది. కంప్యూటర్ ఆపి వేస్తే విండోస్ మోత మోగింది. గఫూర్ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫైలు నేనే నొక్కాను. కాసేపు టేపు గీరిన చప్పుడు, ఆ తర్వాత అమీనాబీ. అత్తకు సలాం, వదినకు సలాం, లైబ్రరీ సార్‌కు సలాం. గొంతు తగ్గింది. ప్రతి ఏడూ చేసినట్టే లేచి వంటింట్లోకి పోయి టీ పెట్టాను.

రెండు గ్లాసులు తీసుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. భూతద్దం బల్ల మీది నా పుస్తకం మీద పెట్టి ఉంది. వాకిట్లో చెప్పులు లేవు. అమీనాబీ ఇంకా మాట్లాడుతోంది. ఏదో అడిగి, జవాబుకు కాస్త ఎడం వదిలి, మళ్ళీ మాట్లాడుతోంది.